ఉందా అని అడిగే ముందు

పోయిన వారం మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒకమ్మాయి రాసిన కోడ్ రివ్యూకి వచ్చింది. జావాస్క్రిప్ట్ కోడ్, రెండు వందల లైన్ల మార్పు. చదువుతూ పోతుంటే ఒకే మాట మళ్ళీ మళ్ళీ తగిలింది: ఇన్‌క్లూడ్స్, అంటే ఒక వాక్యంలో ఫలానా అక్షరాలు ఉన్నాయా అని అడిగే ఫంక్షన్. లెక్కపెట్టాను, పదకొండు చోట్ల ఉంది. వచ్చిన లింకు మన సైటుదేనా అని చూడటానికి ఇన్‌క్లూడ్స్. ఎర్రర్ మెసేజ్‌లో ‘టైమౌట్’ అన్న మాట ఉంటే మళ్ళీ ప్రయత్నించడానికి ఇన్‌క్లూడ్స్. లాగిన్ అయిన మనిషి రోల్ పేరులో ‘అడ్మిన్’ ఉంటే డిలీట్ బటన్ చూపించడానికి ఇన్‌క్లూడ్స్. సహాయం పేజీల్లో యూజర్ టైప్ చేసిన మాట ఏ శీర్షికలో ఉందో వెతకడానికీ అదే.

‘కొన్ని చోట్ల ఇది సరిపోదు, ఒకసారి చూడండి’ అని కామెంట్ పెట్టాను. పది నిమిషాల్లో జవాబు వచ్చింది: ‘ఏది సరిపోదండీ? ఉందా లేదా అనే కదా అడుగుతున్నాను. టెస్టులన్నీ పాసయ్యాయి.’

న్యాయమైన ప్రశ్న. ఒక్క లైన్లో జవాబు రాద్దామని కూర్చుని మూడుసార్లు రాశాను, మూడుసార్లు చెరిపేశాను. ఇన్నేళ్ళుగా ఈ చిన్న పరీక్ష చేతిలో నేను తిన్న దెబ్బలన్నీ గుర్తుకొచ్చాయి. అవి ఒక కామెంట్‌లో పట్టేవి కావు, అందుకే ఈ పోస్టు.

నేను నమ్మేది ముందే చెప్పేస్తాను. ఒక స్ట్రింగ్‌లో, అంటే అక్షరాల వరసలో, ఇంకో స్ట్రింగ్ ఉందా అన్నది దాదాపు ఎప్పుడూ మనకు నిజంగా కావలసిన ప్రశ్న కాదు. ఈ లింకు మనదేనా, ఈ లోపం తాత్కాలికమా, ఈ మనిషికి అనుమతి ఉందా, ఈ పేజీ వెతుకుతున్నవారికి పనికొస్తుందా అన్నవి మనకు కావలసిన ప్రశ్నలు. ఈ ‘ఉందా’ పరీక్ష, అంటే సబ్‌స్ట్రింగ్ పరీక్ష, వాటికి బదులుగా మనం పెట్టుకునే తేలిక ప్రశ్న. బదులు పెట్టుకోవడం తప్పని అనను, నేనూ రోజూ పెట్టుకుంటాను. కానీ దేనికి బదులు పెట్టామో రాసినవాళ్ళకు తెలిసుండాలి, చదివేవాళ్ళకు కోడ్‌లో కనిపించాలి.

## ‘ఎక్కడ’ అని అడిగి ‘ఉందా’ అని అర్థం చేసుకున్న రోజులు

నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు జావాస్క్రిప్ట్‌లో ఇన్‌క్లూడ్స్ లేదు. ఇండెక్స్‌ఆఫ్ ఒక్కటే దిక్కు. అది ఎక్కడ ఉందో చెబుతుంది: మొట్టమొదట్లోనే ఉంటే 0, అసలు లేకపోతే -1. దాన్ని నేరుగా ఇఫ్ లోపల, అంటే అవునా కాదా అని చూసే చోట, పెట్టామనుకోండి. మొదట్లోనే దొరికితే వచ్చే సున్నాను భాష ‘కాదు’ అనుకుంటుంది. దొరకనప్పుడు వచ్చే మైనస్ ఒకటిని ‘అవును’ అనుకుంటుంది. మధ్యలో ఎక్కడో దొరికినప్పుడు మాత్రం జవాబు సరిగ్గానే వస్తుంది. టెస్ట్ రాసేటప్పుడు మనకు తోచే ఉదాహరణలు చాలావరకు మధ్యలో దొరికేవే కాబట్టి తప్పు చాలాకాలం బయటపడదు.

నేను ఈ తప్పు చేశాను. ఫోన్ నంబర్లో ప్లస్ గుర్తు ఉంటే దేశం కోడ్ ఉన్నట్టే, లేకపోతే చేర్చాలి. ఇంతే పని. ప్లస్ గుర్తు ఎప్పుడూ మొదట్లోనే కదా ఉంటుంది! అంటే నా కోడ్ ప్రతి నంబరుకూ సరిగ్గా తలకిందుల జవాబు ఇచ్చింది. కోడ్ ఉన్న నంబర్లకు ఇంకోసారి కోడ్ చేర్చింది, లేనివాటిని అలాగే వదిలేసింది. మెసేజ్‌లు వెళ్ళడం లేదని ఫిర్యాదులు వస్తుంటే మేం రెండు రోజులు మెసేజ్‌లు పంపే సర్వీసు వైపు వెతికాం. ఆ ఒక్క లైను ఎంతో అమాయకంగా కనిపించింది, నలుగురం చదివి నలుగురమూ దాటిపోయాం.

పీహెచ్‌పీ రాసినవాళ్ళకు ఇదే కథ స్ట్ర్‌పోస్ రూపంలో తెలుసు. అక్కడ దొరకకపోతే ‘ఫాల్స్’ వస్తుంది, మొదట్లో దొరికితే సున్నా వస్తుంది, రెండు ఈక్వల్ గుర్తులతో పోలిస్తే రెండూ ఒకటే. మూడు గుర్తులు పెట్టాలి. ఆ ఒక్క గుర్తు మర్చిపోయి ఎంతమంది ఎన్ని రాత్రులు పోగొట్టుకున్నారో ఎవరూ లెక్క రాసి ఉండరు. ‘ఉందా’ అన్నదానికే విడిగా స్ట్ర్ కంటైన్స్ అనే ఫంక్షన్ పీహెచ్‌పీలోకి వచ్చింది 8.0తో, 2020 నవంబర్‌లో. జావాలో కంటైన్స్ 2004లో, ఐదో వెర్షన్‌తో వచ్చింది. జావాస్క్రిప్ట్‌లో ఇన్‌క్లూడ్స్ 2015 ప్రమాణంలో చేరింది. సీ ప్లస్ ప్లస్ స్ట్రింగ్‌కు కంటైన్స్ రావడానికి 2023 ప్రమాణం దాకా ఆగాల్సి వచ్చింది. పైథాన్‌లో ‘ఇన్’ అన్న మాట మొదటినుంచీ ఉన్నా, 2003లో 2.3 వెర్షన్ వచ్చేదాకా అది స్ట్రింగ్‌లో ఒక్క అక్షరాన్నే వెతికేది. మనిషి అడగగల అతి మామూలు ప్రశ్నకు ఒక పేరు పెట్టడానికి ఇంతకాలం పట్టింది.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు, నేను గౌరవించే ఒక సీనియర్ నోటే విన్నాను. ‘కంటైన్స్‌లో కొత్తగా ఏముంది? జావాలో దాని లోపల చూస్తే ఇండెక్స్‌ఆఫ్‌ను పిలిచి, వచ్చింది సున్నా గానీ అంతకంటే ఎక్కువ గానీ అవునా అని చూస్తుంది, అంతే. ఆ పోలిక మనమే రాసుకోలేమా?’ అన్నారాయన. సీ భాషలో పెరిగిన మనిషి. అక్కడ స్ట్ర్‌స్ట్ర్ దొరికిన చోటికి పాయింటర్, అంటే ఆ చోటి చిరునామా, ఇస్తుంది, దొరకకపోతే నల్ అనే ఖాళీ విలువ ఇస్తుంది. మొదట్లో దొరికినా పాయింటర్ నల్ కాదు కాబట్టి ఇఫ్‌లో నేరుగా పెట్టినా తప్పు రాదు. ఆయన అనుభవంలో ఈ బాధ లేదు, అందుకే ఆయనకు అది అలంకారంగా అనిపించింది. నేను మాత్రం ఒప్పుకోలేకపోయాను. అడిగే ప్రశ్నకూ రాసే మాటకూ మధ్య ఒక మెట్టు ఉన్నప్పుడల్లా ఎవరో ఒకరు ఆ మెట్టు దగ్గర జారుతారు.

జావాస్క్రిప్ట్‌లో ఆ పేరు వెనక కూడా ఒక కథ ఉంది. మొదట అనుకున్న పేరు ‘కంటైన్స్’. ఫైర్‌ఫాక్స్ ఆ పేరుతోనే తెచ్చింది కూడా. అప్పటికే మూటూల్స్ అనే లైబ్రరీ స్ట్రింగ్‌లకు తన సొంత ‘కంటైన్స్’ను తగిలించి ఉంది. రెండూ ఢీకొని పాత సైట్లు విరిగాయి. చివరికి పేరు మార్చి ‘ఇన్‌క్లూడ్స్’ అన్నారు. పాత పేజీలను విరగ్గొట్టకూడదన్న ఆ పట్టుదల నాకు నచ్చుతుంది. కాకపోతే కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఒక భాషలో కంటైన్స్ అనీ, ఇంకో భాషలో ఇన్‌క్లూడ్స్ అనీ, మరో భాషలో ఇన్ అనీ గుర్తుపెట్టుకోవాల్సి రావడం ఆ మర్యాదకు మనం కట్టే మూల్యం.

‘ఉందా’, ‘ఎక్కడ’ రెండూ ఒకే ప్రశ్న అనేవాళ్ళకు నేను చూపించే ఉదాహరణ మైక్రోసాఫ్ట్ వాళ్ళ డాట్‌నెట్‌ది. అక్కడ కంటైన్స్ ఒక్కో అక్షరానికి కంప్యూటర్ వాడే కోడ్‌లను ఉన్నవి ఉన్నట్టు పోలుస్తుంది. ఇండెక్స్‌ఆఫ్‌కు ఒక స్ట్రింగ్ ఇస్తే మాత్రం, విడిగా చెప్పకపోతే, భాషా సంప్రదాయాలను బట్టి పోలుస్తుంది. 2020లో డాట్‌నెట్ 5 వచ్చినప్పుడు ఆ సంప్రదాయాలను చూసే లైబ్రరీ విండోస్‌లో మారింది. విండోస్ పద్ధతిలో లైను మార్పుకు రెండు గుర్తులు పక్కపక్కన ఉంటాయి. కొత్త లైబ్రరీ లెక్కలో ఆ రెండూ కలిసి ఒకటే, విడదీయకూడదు. దాంతో అలాంటి వాక్యంలో రెండో గుర్తు ఒక్కదాన్నే ‘ఉందా’ అని కంటైన్స్‌ను అడిగితే ‘ఉంది’ అంది. ‘ఎక్కడ’ అని ఇండెక్స్‌ఆఫ్‌ను అడిగితే -1, అంటే ‘ఎక్కడా లేదు’ అంది. అదే భాష, అదే స్ట్రింగ్. ఎవరూ తప్పు చెప్పలేదు. రెండు ఫంక్షన్లూ ‘సమానం’ అన్న మాటకు వేరువేరు అర్థాలు పెట్టుకున్నాయి.

## ఏమీ లేనిది అన్నిట్లోనూ ఉంది

ఇంకో అనుభవం. ఒక చోట పనిచేస్తున్నప్పుడు వాడకూడని మాటల జాబితా ఒక టెక్స్ట్ ఫైల్లో ఉండేది, లైనుకో మాట. ప్రోగ్రామ్ ఫైలు చదివి, లైన్లుగా విడదీసి, వచ్చే ప్రతి మెసేజ్‌లో వాటిలో ఏదైనా ఉందా అని చూసి, ఉంటే ఆపేసేది. ఒక సాయంత్రం ఎవరో జాబితాకు ఒక మాట చేర్చి సేవ్ చేశారు. వాళ్ళ ఎడిటర్ చివర ఒక కొత్త లైను చేర్చింది. ఫైల్ని లైన్లుగా విడదీసినప్పుడు ఆఖర్న ఒక ఖాళీ స్ట్రింగ్ వచ్చింది. ఆ క్షణం నుంచి ఒక్క మెసేజ్ కూడా బయటికి పోలేదు. ఎందుకంటే ఖాళీ స్ట్రింగ్ ప్రతి స్ట్రింగ్‌లోనూ ఉంటుంది. పైథాన్‌ను అడిగినా, జావాను అడిగినా, జావాస్క్రిప్ట్‌ను అడిగినా ‘ఉంది’ అనే చెబుతాయి.

ఆ రాత్రి నాకు భాషల మీద కోపం వచ్చింది. ఏ మాటా ఇవ్వకుండా ఉందా అని అడిగితే ‘లేదు’ అనాలి కదా, కనీసం ఎర్రర్ అయినా ఇవ్వాలి కదా అనుకున్నాను. తర్వాత చల్లబడి ఆలోచిస్తే భాషలదే ఒప్పు అనిపించింది. ఒక మాట మొదటి మూడు అక్షరాలు ఆ మాటలో ఉంటాయి, మొదటి రెండూ ఉంటాయి, మొదటి ఒకటీ ఉంటుంది. మొదటి సున్నా అక్షరాల దగ్గరికి వచ్చేసరికి నియమం తెగిపోతే దాని మీద కట్టిన లెక్కలన్నీ తెగిపోతాయి. పైగా మనం రోజూ వాడే వెతుకు పెట్టెలు దీని మీదే ఆధారపడతాయి: పెట్టె ఖాళీగా ఉంటే మొత్తం జాబితా కనిపిస్తుంది, టైప్ చేసేకొద్దీ తగ్గుతుంది. ఖాళీ స్ట్రింగ్ అన్నిట్లోనూ ‘ఉంది’ కాబట్టే అది విడిగా ఎవరూ రాయకుండానే పనిచేస్తుంది.

ఒకే గుణం వెతుకు పెట్టెలో వరం, నిషేధ జాబితాలో శాపం. ఫంక్షన్‌కు ఆ తేడా తెలిసే వీల్లేదు, అది మనకే తెలియాలి. అప్పటినుంచీ బయటినుంచి వచ్చిన మాటను పరీక్షకు ఇచ్చే ముందు అది ఖాళీనా అని ఒకసారి చూడటం నాకు అలవాటైంది. జావాస్క్రిప్ట్‌లో ఇంకొకటి కూడా చూస్తాను. విలువ పెట్టని వేరియబుల్‌ను ఇన్‌క్లూడ్స్‌కు ఇస్తే అది ఊరుకోదు, ‘అన్‌డిఫైన్డ్’ అన్న ఇంగ్లిష్ మాటను అక్షరాలా వెతుకుతుంది. ఎర్రర్ గురించిన వాక్యాల్లో ఆ మాట నిజంగానే ఉండవచ్చు కాబట్టి అప్పుడప్పుడు దొరుకుతుంది కూడా.

## అక్షరాలు ఒకటి చెబితే అర్థం ఇంకోటి

ఇప్పుడు ఆ అమ్మాయి కోడ్ దగ్గరికి వస్తాను.

లింకు సంగతి. మన సైటు పేరు ఎగ్జాంపుల్ డాట్ కామ్ అనుకుందాం. లింకులో ఆ మాట ఉంటే మనదే అని నమ్మి యూజర్‌ను అక్కడికి పంపుతున్నాం. ఎవరో ‘ఎగ్జాంపుల్ డాట్ కామ్ డాట్ ఇంకేదో డాట్ నెట్’ అని ఒక సైటు పెట్టుకుంటే అందులోనూ ఆ మాట ఉంది. సైటు పేరులోనే ఉండక్కర్లేదు, వేరే సైటు లింకు చివర ప్రశ్నార్థకం పెట్టి తర్వాత మన పేరు రాసినా చాలు. పరీక్ష ‘ఉంది’ అని నిజమే చెబుతుంది. మనం అడగాల్సింది, ఈ లింకులో హోస్ట్ భాగం, అంటే సైటు పేరుండే భాగం, ఏది, అది మన హోస్ట్‌తో పూర్తిగా సమానమా అని. ప్రతి భాషలోనూ లింకును విడదీసే సాధనం ఉంది. రెండు లైన్లు ఎక్కువ పడతాయి, అంతే.

రోల్ సంగతి అంతకంటే ఘోరం. ‘అడ్మిన్’ అన్న మాట ‘నాన్ అడ్మిన్’లో ఉంది, ‘అడ్మిన్ రీడ్ ఓన్లీ’లో ఉంది. ఇవాళ మన దగ్గర అలాంటి రోల్స్ లేకపోవచ్చు. ఆరు నెలల తర్వాత ఇంకెవరో ఒక కొత్త రోల్ చేరుస్తారు. పేరు పెట్టేటప్పుడు ఆ పేరులోని అక్షరాలు ఎక్కడో ఒక డిలీట్ బటన్‌ను తెరుస్తాయని వాళ్ళకు ఎలా తెలుస్తుంది? అనుమతి విషయంలో సబ్‌స్ట్రింగ్ వాడకూడదన్న మాట మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను, వెనక్కి తగ్గను.

పరీక్ష అక్షరాలది, తీర్పు మనుషులది అయినప్పుడు ఏమవుతుందో లోకం ఎప్పుడో చూసింది. ఇంగ్లండ్‌లో స్కన్‌థోర్ప్ అనే పట్టణం ఉంది. 1996లో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళ బూతుల ఫిల్టర్ ఆ ఊరి పేరు మధ్యలో ఒక బూతు మాటను ‘కనిపెట్టింది’. ఆ ఊరివాళ్ళు తమ ఊరి పేరు రాసి ఖాతా తెరవలేకపోయారు. అప్పటినుంచి ఇలాంటి తప్పులన్నిటికీ ఆ ఊరి పేరే స్థిరపడిపోయింది. ఫిల్టర్ రాసినవాళ్ళకు చెడు ఉద్దేశం లేదు. ‘ఈ మాట ఎవరినైనా నొప్పిస్తుందా’ అన్నది వాళ్ళకు కావలసిన ప్రశ్న. ‘ఈ నాలుగు అక్షరాలు వరసగా ఉన్నాయా’ అన్నది వాళ్ళు అడిగిన ప్రశ్న.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది, అది బ్రౌజర్ల పేర్లలో కనిపిస్తుంది. ఒకప్పుడు సర్వర్లు బ్రౌజర్ పంపే గుర్తింపు వాక్యంలో ‘మోజిల్లా’ ఉందా అని చూసేవి. ఉంటే నెట్‌స్కేప్ అనే అప్పటి బ్రౌజర్ అనుకుని మంచి పేజీ పంపేవి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కూ ఆ మంచి పేజీ కావాలి, కాబట్టి అదీ తన వాక్యంలో ‘మోజిల్లా’ పెట్టుకుంది. తర్వాత క్రోమ్ తన వాక్యంలో ‘సఫారీ’ పెట్టుకుంది. ఎడ్జ్ తన వాక్యంలో ‘క్రోమ్’నూ ‘సఫారీ’నీ రెండిటినీ పెట్టుకుంది. ఇవాళ ఎడ్జ్ పంపే వాక్యంలో ‘క్రోమ్ ఉందా’ అంటే ఉంది, ‘సఫారీ ఉందా’ అంటే ఉంది, ‘మోజిల్లా ఉందా’ అంటే ఉంది. ఒక మాట ఉంటే తలుపు తెరుచుకుంటుందని తెలిస్తే అందరూ ఆ మాటే పట్టుకొస్తారు. చివరికి ఆ మాటకు అర్థమే మిగలదు.

## తెలుగులో అయితే

నన్ను ఎక్కువగా కదిలించేది ఈ భాగం. మా సహాయం పేజీలు తెలుగులో కూడా ఉన్నాయి, ఆ కోడ్ వాటిలోనూ వెతకాలి.

‘మనిషి’ అన్న మాటలో ‘మన’ ఉందా? తెలుగు చదివే ఎవరినైనా అడగండి, లేదంటారు. అక్కడ ఉన్నవి మ, ని, షి. కంప్యూటర్‌కు మాత్రం అక్కడ ఉన్నవి ఐదు: మ, న, గుడి, ష, గుడి. కాబట్టి ‘మన’ ఉంది. ‘పదిమంది’లో ‘పద’ ఉంది. ‘కలం’లో ‘కల’ ఉంది. ఇంగ్లిష్‌లో ఒక మాట ఇంకో మాట లోపల అనుకోకుండా దొరికితే కనీసం కంటికి కనిపిస్తుంది. తెలుగులో కంటికి కనిపించనిది కూడా దొరుకుతుంది, ఎందుకంటే అన్ని లిపుల అక్షరాలకూ కోడ్‌లు ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో గుణింతపు గుర్తు అక్షరం నుంచి విడిగా, దాని తర్వాత ఉంటుంది.

‘పూర్తి మాటకే పరిమితం చేస్తే సరి, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో పదం సరిహద్దు గుర్తు వాడండి’ అని సలహా ఇస్తారు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటే వెతకాల్సిన మాటను నమూనాగా రాసే పద్ధతి. నేనూ ఇచ్చాను. తర్వాత తెలుగుతో ప్రయత్నించి చూశాను. పైథాన్‌తో వచ్చే మామూలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూల్ దృష్టిలో గుణింతపు గుర్తులు పదంలో భాగం కావు. అందుకని ‘మనిషి’లో న తర్వాత, గుడికి ముందు, దానికి ఒక పదం సరిహద్దు కనిపిస్తుంది. ‘మన’ పూర్తి పదంగా ఉంది అని చెబుతుంది. జావాస్క్రిప్ట్‌లో అదే గుర్తుకు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే పదంలో భాగం. అక్కడ తెలుగు మాటల మధ్య సరిహద్దు అన్నదే లేదు. ‘ఇది మన పని’ అన్న వాక్యంలో ‘మన’ను పూర్తి పదంగా వెతికితే దొరకదు. ఒక భాషలో లేని చోట దొరుకుతుంది, ఇంకో భాషలో ఉన్న చోట దొరకదు. అందరూ ఒకే మందు చెబుతారు, మన లిపి దగ్గరికొచ్చేసరికి అది రెండు రకాలుగా వికటిస్తుంది.

లేనిది దొరకడం ఒక బాధ, ఉన్నది దొరకకపోవడం ఇంకో బాధ. ‘పుస్తకం’ అని వెతికితే ‘పుస్తకాలు’ రాదు, సున్నా పోయి దీర్ఘం వచ్చింది కాబట్టి. అం అంటూ ముగిసే మాటలన్నిటికీ ఇదే గతి. ‘పాస్‌వర్డ్’ అని వెతికితే ‘పాస్‌వర్డును మార్చడం ఎలా’ అన్న శీర్షిక రాదు. పొల్లుతో ముగిసే మాటకు విభక్తి చేరితే పొల్లు పోయి కొమ్ము వస్తుంది. మనిషికి అది అదే మాట, అక్షరాల లెక్కలో కాదు.

సంధి కలిస్తే ఇంకా ఇబ్బంది. ‘ప్రశ్నోత్తరాలు’ అన్న శీర్షిక మా సహాయం పేజీల్లో అన్నిటికంటే పైన ఉంది. ‘ప్రశ్న’ అని వెతికితే దొరుకుతుంది, అదీ యాదృచ్ఛికంగానే. ‘ఉత్తరం’ అని వెతికితే దొరకదు, ‘ఉత్తరాలు’ అన్నా దొరకదు. ఆ మాటలోని ఉకారం ముందు మాటలోని అకారంతో కలిసి ఓకారం అయిపోయింది. గుణసంధి బళ్ళో చదువుకున్నవాళ్ళందరికీ అక్కడ ఉత్తరం ఉందని తెలుసు. స్ట్రింగ్‌కు తెలియదు. ‘తల్లిదండ్రులు’లో తల్లి ఉంది, తండ్రి లేడు. గసడదవాదేశం వచ్చి త స్థానంలో ద కూర్చుంది.

ఇవేవీ లేకుండా, కంటికి అచ్చం ఒకేలా కనిపించే మాటలు కూడా కలవకపోవచ్చు. ఐత్వం గుర్తును యూనికోడ్‌లో ఒకే కోడ్‌గానూ రాయవచ్చు, ఎత్వం, దాని కింద వేసే గుర్తు అని రెండు కోడ్‌లుగానూ రాయవచ్చు. ప్రమాణం ప్రకారం రెండూ సమానమే, కానీ ఇన్‌క్లూడ్స్ సమానత్వాన్ని చూడదు, కోడ్‌లనే చూస్తుంది. దీనికి ముందుగా రెండు స్ట్రింగ్‌లనూ నార్మలైజ్ చేసుకుంటే, అంటే ఒకే రూపానికి తెచ్చుకుంటే, చాలు. దానికి లొంగనిది జడ్‌డబ్ల్యూఎన్‌జే, అంటే పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు. ‘సాఫ్ట్‌వేర్’ అని విడిగా కనిపించేలా రాయాలంటే ట పొల్లు తర్వాత అది పెడతాం. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. పెట్టినవాళ్ళ మాట పెట్టనివాళ్ళకు దొరకదు. ఇక ‘మళ్ళీ’, ‘మళ్లీ’ లాంటి జంటలు సరేసరి. ఈ పోస్టులో నేను ళకు ళ ఒత్తే వాడుతున్నాను, చదివేవాళ్ళలో సగం మంది ల ఒత్తుతో వెతుకుతారేమో.

స్విఫ్ట్ భాష ఈ దిశలో ఆలోచించింది. దానికి ఒక ‘క్యారెక్టర్’ అంటే కోడ్ కాదు, చదివేవారికి ఒకటిగా కనిపించే గుంపు. కానీ ఒత్తుల విషయంలో ఆ గుంపు నియమం తెలుగుకు సరిగ్గా ఉండేది కాదు. ‘ప్ర’ లాంటి సంయుక్తాక్షరాన్ని ప్, ర అని రెండుగా విడగొట్టేది. దాన్ని ఒకటిగా ఉంచే నియమం యూనికోడ్‌లోకి 15.1తో, 2023లో వచ్చింది. తెలుగు లిపి 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే ఉంది. అంటే ‘ప్ర’ ఒక్క అక్షరమేనని ప్రమాణం ఒప్పుకోవడానికి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఈ పని పట్టుబట్టి చేసినవాళ్ళ మీద నాకు చాలా గౌరవం.

## మరి ఎక్కడ సరిపోతుంది

ఇంత రాశాక, సబ్‌స్ట్రింగ్ పరీక్ష వాడొద్దంటున్నానని ఎవరైనా అనుకోవచ్చు. అలా అనడం లేదు. ఒక లాగ్ ఫైల్లో ఒక ఆర్డర్ నంబరు ఎక్కడెక్కడ వచ్చిందో చూడాలంటే నేను అక్షరాలనే వెతుకుతాను. అక్కడ ప్రశ్న నిజంగానే అక్షరాల గురించి. దొరికినవాటిని నా కళ్ళతో చూస్తాను, తప్పుగా దొరికితే దాటిపోతాను. మధ్యలో మనిషి ఉన్నప్పుడు ఈ పరీక్ష గొప్ప సాయం. మనిషి లేకుండా అది తలుపులు తెరిచి మూస్తున్నప్పుడే నాకు భయం.

సరిపోయిన చోట దాన్ని వదిలి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పట్టుకోవడం కూడా నాకు నచ్చదు. యూజర్ ఇచ్చిన మాటను నమూనాగా వాడితే అందులోని చుక్క ‘ఏ అక్షరమైనా’ అయిపోతుంది. ఇంకో కొత్త సమస్య.

వేగం గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఒక మాట. ఒక్కో స్థానం నుంచీ పోల్చుకుంటూ పోయే పాత పద్ధతి మామూలు వాక్యాలకు చాలు. పొడుగు స్ట్రింగ్‌ల కోసం 1977లోనే రెండు గొప్ప పద్ధతులు అచ్చయ్యాయి, ఒకటి క్నూత్, మోరిస్, ప్రాట్‌లది, ఇంకోటి బాయర్, మూర్‌లది. 1991లో వచ్చిన ‘టూ వే’ పద్ధతిని పైథాన్ పొడుగు వెతుకులాటల కోసం 3.10లో చేర్చుకుంది. మన ముందే ఎవరో ఎంతో ఆలోచించి పెట్టారు, మనం మళ్ళీ రాయక్కర్లేదు. నేను చూసిన సబ్‌స్ట్రింగ్ ప్రమాదాల్లో ఒక్కటి కూడా వేగం వల్ల రాలేదు.

నాలో ఒక సందేహం మిగిలే ఉంది, అది దాచను. కొత్తగా వచ్చినవాళ్ళ ముందు ఇదంతా కుప్పపోస్తే వాళ్ళు ఒక్క లైను రాయడానికి కూడా భయపడతారేమో. నేను నేర్చుకుంది దెబ్బలు తిని, వాళ్ళూ తినాలా, వినాలా? ఆ అమ్మాయి కోడ్ పనిచేసింది. పదకొండులో ఆరు చోట్ల నాకు ఏ అభ్యంతరమూ లేదు. అందుకే చివరికి నేను పెట్టిన కామెంట్ చిన్నది: ‘ప్రతి ఇన్‌క్లూడ్స్ పైన, అది ఏ ప్రశ్నకు బదులో ఒక్క లైను రాయండి. రాశాక మీకే తెలుస్తుంది.’

మర్నాటికి రోల్ పరీక్ష అనుమతి జాబితాతో పూర్తి పోలికగా మారింది. లింకు రెండు చోట్లా హోస్ట్‌గా విడిపోయింది. ఎర్రర్ మెసేజ్ బదులు ఎర్రర్ కోడ్ చూడటం మొదలైంది. సహాయం పేజీల వెతుకులాట దగ్గర మాత్రం తను రాసింది ఇది: ‘చదివేవారికి కావలసిన పేజీ ఇదేనా అన్న ప్రశ్నకు బదులు. తెలుగులో ఇది సరిగ్గా పనిచేయదు. ఏం చేయాలో తెలియదు.’

నాకూ పూర్తిగా తెలియదు. నిన్న ఇద్దరం కూర్చుని మొదలుపెట్టాం. రెండు వైపులా నార్మలైజ్ చేస్తున్నాం, పోలిక కోసం జడ్‌డబ్ల్యూఎన్‌జే తీసేస్తున్నాం, మాట చివర పొల్లునూ సున్నానూ వదిలేసి వెతుకుతున్నాం. సంధి కలిసిన మాటలకు చేత్తో ఒక జాబితా రాస్తున్నాం. మొదటి లైను నేను రాశాను, ‘ఉత్తరం’కు ‘ప్రశ్నోత్తరాలు’. రెండో లైను ఆ అమ్మాయి చేర్చింది, ‘తండ్రి’కి ‘తల్లిదండ్రులు’. సాయంత్రానికి ముప్ఫై ఎనిమిది అయ్యాయి.